చేతులు కలిపిన టీచరమ్మ

పోయినవారం ఎక్కడ ఆగామో ఒకసారి గుర్తుచేసుకుని ముందుకు వెళదాం. పిల్లలు చాటుగా లిట్మస్ అని పిలుచుకునే మన కెమిస్ట్రీ టీచరమ్మ (కోపం వస్తే ఆవిడ ముఖం ఇట్టే ఎర్రబడుతుంది, మళ్ళీ మామూలు రంగుకు రావడానికి ఒక పీరియడ్ పడుతుంది) ల్యాబులో అందరి ముందూ ఒక ఘనకార్యం చేసింది. ఒకే బల్ల దగ్గర ప్రయోగాలు చేసే ఒక అమ్మాయీ అబ్బాయీ కొన్నాళ్ళుగా మాట్లాడుకోవడం లేదని కనిపెట్టి, ఇద్దరి చేతులూ పట్టుకుని కలిపి, "ఇక నవ్వండి" అంది. క్లాసంతా చప్పట్లు కొట్టింది. అమ్మాయి మాత్రం చెయ్యి విదిలించుకుంది. ఆ విసురుకు బీకరు దొర్లి, అందులోని పర్మాంగనేటు ఆమె తెల్ల ఏప్రన్ నిండా ఊదారంగులో పారింది. ఏప్రన్ విప్పి బల్ల మీద పెట్టి, ఒక్క ముక్క మాట్లాడకుండా ఆ పిల్ల వెళ్ళిపోయింది. అది చాలదన్నట్టు టీచరమ్మ సాయంత్రం ఆమె తండ్రికి ఫోన్ చేసి, రేపు భోజనాల వేళకు ఒకసారి బడికి రమ్మని చెప్పింది.

ఆ రేపు ఇవాళే.

టీచరమ్మ అందరికంటే ముందు బడికి వచ్చింది. రాత్రంతా ఆవిడ అటూ ఇటూ దొర్లుతూనే ఉందని ఇంటాయనకు తెలుసు. తెలిసినా ఏమీ అడగలేదు. రోజూలాగే ఫ్లాస్కులో టీ పోసి, మూత బిగించి, సంచిలో ఒరిగిపోకుండా నిలబెట్టి ఇచ్చాడు. ఆ ఇంట్లో ప్రేమ చాలా ఏళ్ళుగా ఆ ఫ్లాస్కులోనే తిరుగుతోంది.

ల్యాబు తలుపు తీసి ఆవిడ నేరుగా కిటికీ పక్క బల్ల దగ్గరికి వెళ్ళింది. ఆ బల్లకు ఎదురుగా గోడకున్న కొక్కేనికి అబ్బాయి ఏప్రన్ ఒక్కటే వేలాడుతోంది. అమ్మాయిది లేదు. బల్ల మీదా లేదు, తొట్టిలోనూ లేదు. అటెండరును అడిగితే నేను తీయలేదమ్మా అన్నాడు. ఊదా మరకతో సహా ఏప్రన్ మాయమైపోయింది.

ఆ ల్యాబులో ఆవిడ పెట్టిన ఆచారం ఒకటుంది. సంవత్సరం మొదట్లో జోడీలు తనే కుదురుస్తుంది. జోడీకి ఒక బల్ల, ఒక బ్యూరెట్టు, ఒక కొక్కెం. ఒకరు బ్యూరెట్టులోంచి చుక్కచుక్కగా వదులుతారు, ఇంకొకరు కింద గాజు ఫ్లాస్కు తిప్పుతూ రంగు చూస్తారు. రంగు మారే క్షణాన చూసేవాళ్ళు చెయ్యెత్తాలి, వదిలేవాళ్ళు ఆపాలి. కుదిరిన జోడీ ఏడాది దాకా మారదు. మార్చమని ఏటా ఎవరో ఒకరు వస్తారు. "నచ్చినవాళ్ళతోనే పని చేస్తానంటే లోకంలో సగం పనులు ఆగిపోతాయి, వెళ్ళు" అని పంపించేస్తుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే మనిషి.

కిటికీ పక్క జోడీ ఆవిడకు గర్వకారణం. అబ్బాయి తాటిచెట్టంత పొడుగు. పిల్లలు నిచ్చెన అంటారు. అమ్మాయిని చుక్క అంటారు. ఎందుకంటే, మిగతావాళ్ళు నాలుగైదు చుక్కలు ఎక్కువ పడ్డాక నాలిక కరుచుకుంటే, ఈ పిల్ల సరిగ్గా ఆ ఒక్క చుక్క దగ్గరే చెయ్యెత్తుతుంది. అలాంటి కన్ను తన సర్వీసంతటిలో ఇంకొకటి చూడలేదని టీచరమ్మ ఇంటాయనతో చాలాసార్లు చెప్పింది. పిల్ల ముందు మాత్రం ఒక్కసారీ చెప్పలేదు.

"మేడమ్, వచ్చేశారా?" అంటూ లెక్కల మాస్టారు తలుపులోంచి తొంగిచూశాడు. కొత్తగా పెళ్ళయినవాడు. టీచరమ్మ దగ్గర చనువూ ఉంది, భయమూ ఉంది. "మీ చుక్క నిన్నే ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళింది. కెమిస్ట్రీ మానేసి నా స్టాటిస్టిక్స్ తీసుకుంటుందట. మార్చుకోవడానికి ఇవాళ సాయంత్రం దాకానే గడువు."

టీచరమ్మ స్టూలు మీద కూలబడింది. "నీకు పండగలా ఉన్నట్టుందే!"

"లేదు మేడమ్. ఆ పిల్ల నా క్లాసుకి ఇష్టపడి రావట్లేదు. మీ క్లాసు నుంచి పారిపోయి వస్తోంది. అలాంటి నూటికి నూరు మార్కులు నాకెందుకు?"

"ఇంతకీ నేను చేసిన నేరమేంటయ్యా? ఎడమొహం పెడమొహంగా ఉన్నారు, కలిపాను. పెద్దవాళ్ళన్నాక ఆ మాత్రం చేయరూ? మీ ఇంట్లో నువ్వూ మీ ఆవిడా తగవుపడితే ఏం చేస్తారు?"

"తను బాల్కనీలోకి వెళ్ళిపోతుంది. నేను గిన్నెలు తోముతాను."

"తోమడం అయిపోయాక?"

"అప్పటికీ తను లోపలికి రాకపోతే, తోమినవే మళ్ళీ తోముతాను."

"మరి ఎవరు కలుపుతారు మిమ్మల్ని?"

"ఎవరూ కలపరు మేడమ్. తనే వస్తుంది. ఒకసారి మా అమ్మ కలపబోయింది. తను ఇంకో గంట బాల్కనీలోనే ఉండిపోయింది. నేను చీపురు కూడా పట్టాల్సొచ్చింది."

టీచరమ్మకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. "సరే, ఆ పిల్లతో ఏం చెప్పమంటావు?"

"ఏం చెప్పకండి. అడగండి."

"రోజూ అడుగుతూనే ఉన్నానుగా! నా ఉద్యోగమే ప్రశ్నలడగడం."

"అవన్నీ జవాబు మీకు ముందే తెలిసిన ప్రశ్నలు మేడమ్" అన్నాడు మాస్టారు. అన్నాక ఆవిడ ముఖం వైపు చూశాడు. రంగు మారడం మొదలైంది. లిట్మస్ సంగతి బాగా తెలిసినవాడు కనక అక్కడ ఇంకో క్షణం నిలబడలేదు.

పొద్దుటి పీరియడ్లు ఎలాగో గడిచాయి. నిచ్చెన బడికి రాలేదు. చుక్క వచ్చింది గానీ కెమిస్ట్రీ క్లాసులో ఆమె కుర్చీ ఖాళీ. భోజనాల గంటకు ముందు పీరియడ్‌లో టీచరమ్మకు పాఠం లేదు. ల్యాబు వెనకాల సీసాలుండే చిన్న గదిలో కూర్చుని, కడిగిన పరీక్షనాళికలనే మళ్ళీ కడుగుతోంది. లెక్కల మాస్టారి గిన్నెలు గుర్తొచ్చి తన మీద తనకే విసుగేసింది.

"టీచర్, ల్యాబు కళ్ళద్దాలూ లాకరు తాళంచెవీ ఇచ్చేసి వెళదామని వచ్చాను."

చుక్క గుమ్మంలో నిలబడి ఉంది. జుట్టు బిగించి కట్టుకుంది, పెదవులు అంతకంటే బిగించింది.

టీచరమ్మ నోరు అలవాటు కొద్దీ తెరుచుకుంది. "చూడమ్మా, జీవితమన్నాక..." అని మొదలుపెట్టింది. జీవితమన్నాక ఏమిటో ఆ వాక్యం ఆవిడకు కంఠతా వచ్చు. అయినా అక్కడే ఆపి, ఫ్లాస్కు మూతలో టీ పోసి బల్ల మీద ముందుకు జరిపింది.

"కూర్చో."

"నించుంటాను టీచర్."

"నీ ఇష్టం. ఒకటడుగుతాను. నిన్న నీకంత కోపం ఎందుకొచ్చింది?"

చుక్క ఆవిడ వంక అనుమానంగా చూసింది. "నిజంగా తెలీక అడుగుతున్నారా, చెప్పించడానికి అడుగుతున్నారా?"

"తెలీకే."

ఈ జవాబు ఆ పిల్ల ఎదురుచూసింది కాదు. కాసేపు తాళంచెవి అరచేతిలో తిప్పింది. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుంది.

"మేం పోట్లాడుకోలేదు టీచర్. విడిపోయాం."

"అంటే మీ ఇద్దరి మధ్యా..."

"ఉండేది. మీరలా చూడకండి టీచర్, పెద్దగా ఏం లేదు. బస్టాపు దాకా కలిసి నడిచేవాళ్ళం. రోజంతా ఆ నడక గురించే ఆలోచించేవాళ్ళం. వాడికి మార్కులు తగ్గాయి. నాకు వాడి మీద విసుగు పెరిగింది. ఒకరోజు లైబ్రరీ మెట్ల మీద కూర్చుని మాట్లాడుకుని, ఆపేద్దాం అనుకున్నాం."

"ముందు ఎవరన్నారు?"

"ఇద్దరం."

"ఇద్దరూ ఒక్కసారే ఎలా అంటారే?"

చుక్క తల వంచుకుంది. "నేనే. వాడు కాసేపు మెట్లు చూశాడు. సరేనన్నాడు. తర్వాత నా బ్యాగు జిప్పు ఊడొస్తే బాగుచేసిచ్చి వెళ్ళాడు."

టీచరమ్మ ముక్కున వేలేసుకుంది. "మా రోజుల్లో పెళ్ళి చేసుకోవడానికి కూడా ఇంతసేపు కూర్చుని మాట్లాడుకోలేదే! మీరు విడిపోవడానికి మాట్లాడుకున్నారా?"

ఆ పిల్లకు నవ్వొచ్చేసింది. ఆపుకోబోయి ఆపుకోలేకపోయింది. టీ మూత అందుకుని ఒక గుక్క తాగింది.

"మరి అంత పద్ధతిగా మాట్లాడుకున్నవాళ్ళు ఇప్పుడు మూగనోము పట్టారెందుకు?"

"మాట్లాడితే మళ్ళీ మొదలవుతుంది టీచర్" అంది చుక్క. ఈసారి గొంతు చిన్నదైంది. "వాడు జోకేస్తాడు, నేను నవ్వుతాను. అంతే, మళ్ళీ బస్టాపు. అందుకే పరీక్షలయ్యేదాకా మాటలొద్దనుకున్నాం. ల్యాబులో మాత్రం పర్లేదనుకున్నాం. ఇక్కడ మాటలతో పనేముంది? వాడు వదుల్తాడు, నేను చూస్తాను. నేను చెయ్యెత్తితే వాడు ఆపుతాడు. వారం మొత్తంలో మేం పక్కపక్కన నిలబడగలిగింది ఇక్కడే. జోడీ మారదని మీ రూలు ఉంది కదా, ఎవరూ ఏమీ అనరు కూడా. మీ రూలంటే అందరికీ ఒళ్ళుమంట టీచర్. నాకొక్కదానికే ఇష్టం."

టీచరమ్మ ఒక పరీక్షనాళిక చేతిలోకి తీసుకుంది. ఇన్నాళ్ళూ మాటల్లేని ఆ బల్లను దూరం నుంచి చూసి, పాపం పోట్లాడుకుని ఎంత బాధపడుతున్నారో అనుకుంది. ఇద్దరూ ఎంతో జాగ్రత్తగా కట్టుకున్న చిన్న గూటిని తనే వెళ్ళి రెండు చేతులతో పీకేసింది. పైగా క్లాసు చేత చప్పట్లు కొట్టించింది.

"ఇప్పుడు నేను రంగు చూసి చెయ్యెత్తినా అందరూ మమ్మల్నే చూస్తారు" అంది చుక్క. "ఇంకెలా నిలబడను అక్కడ?"

బయట కారిడార్‌లో ఎవరో చిన్న తరగతి పిల్లలు పరుగెత్తారు. టీచరమ్మ పరీక్షనాళికను స్టాండులో పెట్టింది.

"మాకు పెళ్ళయిన కొత్తలో మేమూ కొన్నాళ్ళు మాట్లాడుకోలేదు" అంది. "నాకు పై చదువుకి వేరే ఊళ్ళో సీటొచ్చింది. వెళ్తానన్నాను. ఆయన వెళ్ళమనలేదు, వద్దనలేదు, మూతి ముడుచుకున్నాడు. నేనూ ముడుచుకున్నాను. మా మేనత్త దిగింది. ఇద్దర్నీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి, చేతులు కలిపి, 'ఇక నవ్వండి' అంది. చచ్చినట్టు నవ్వాం. ఇంటిల్లిపాదీ నవ్వారు."

"సీటు?"

"ఏ సీటు?"

"పై చదువు సీటు టీచర్."

"ఓ, అదా! నవ్వేశాక ఇంక ఆ మాట ఎవరెత్తుతారే?"

ఈ కథను ఆవిడ స్టాఫ్ రూములో ఎన్నిసార్లు చెప్పి ఎంతమందిని నవ్వించిందో లెక్కలేదు. సీటేమైందని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నిజానికి తనే తనను ఎప్పుడూ అడగలేదు.

"మీకేం కావాలో మీ అత్తయ్య అడిగారా?"

"లేదు" అంది టీచరమ్మ. "మేమంటే ఆవిడకి ప్రాణం. అడగాలని తోచలేదంతే" అంది.

"మేమంటే మీకూ ఇష్టమే కదా టీచర్. నాకు తెలుసు. అందుకే ఎక్కువ కోపమొచ్చింది. వేరే టీచరెవరైనా చేసుంటే పోనీలే అనుకునేదాన్ని."

ఆ మాటకు ఆవిడ కళ్ళు చెమర్చాయి. అద్దాలు తుడుచుకుంటున్నట్టు నటించింది.

"అంకుల్ మీద మీకు కోపమా మరి?"

"ఏడిశావ్! ఆయన లేకపోతే నాకు పొద్దు గడవదు. నువ్వు తాగుతున్న టీ ఆయన పెట్టిందే."

"అప్పుడు మీరు వెళ్తే ఏమనేవారో, ఆయన్ని ఎప్పుడైనా అడిగారా?"

"ఇన్నేళ్ళు పోయాకా?"

"దానికీ గడువుందా టీచర్?"

పిల్ల అమాయకంగానే అంది. టీచరమ్మ మాత్రం ఆ ప్రశ్నను ఇంటికి తీసుకెళ్ళాలని మనసులో మడిచి పెట్టుకుంది.

"తప్పు చేశాను తల్లీ" అంది. ఆ మాట ఆవిడ ఒక విద్యార్థితో అనడం ఇదే మొదలు. అనుకున్నంత కష్టంగా ఏమీ లేదు. "క్లాసు ముందు చేశాను కాబట్టి క్లాసు ముందే ఒప్పుకుంటాను, నువ్వు సరేనంటేనే. వద్దంటే ఊరుకుంటాను. ఇంకొక్క మాట ఉంది. చెప్పనా?"

"చెప్పండి."

"పద్ధతిగా మాట్లాడుకుని ముగించామన్నావు. బాగుంది, మాకు చేతకాని పని అది. కానీ ముగించిన తర్వాత ఏడ్చావా?"

చుక్క తల అడ్డంగా ఊపింది. "ఎందుకు టీచర్? నేనే కదా ఆపేద్దామంది."

"అయితే మాత్రం? నువ్వు ఆపితే నీకు బాధుండదా? మేం మాట్లాడకుండా మింగేశాం. మీరు మాట్లాడేసి మింగేస్తున్నారు. మింగింది మింగిందే."

చుక్క మళ్ళీ టీ అందుకుంది. టీ మూత పెదవుల దగ్గరే ఆగింది. రెండు కన్నీటి చుక్కలు రాలి టీలో పడ్డాయి. తర్వాత మూత పక్కన పెట్టి, రెండు చేతుల్లో ముఖం దాచుకుని, వెక్కి వెక్కి ఏడ్చింది. టీచరమ్మ లేచి పక్కకు వచ్చి, దగ్గరికి తీసుకోబోయి, సగంలో ఆగింది.

"వీపు మీద చెయ్యి వెయ్యనా?"

ఏడుస్తూనే తల ఊపింది పిల్ల. అప్పుడు వేసింది.

ఏడుపు తగ్గాక ముక్కు తుడుచుకుని, "స్టాటిస్టిక్స్‌లో ఏముంటుంది టీచర్?" అంది చుక్క.

"సగటు. అంతా సగటే."

"అయితే ఇక్కడే ఉంటాను."

టీచరమ్మకు ఎగిరి గంతేయాలనిపించింది. వయసూ మోకాళ్ళూ ఒప్పుకోక ఊరుకుంది.

"కానీ టీచర్, ఒక్కటే భయం. ఇంట్లో ఎవరికీ ఏమీ తెలీదు. నాన్నకి చెప్పకూడదని కాదు. నాకు ధైర్యం వచ్చినప్పుడు నేనే చెప్పుకోవాలి. నా సంగతి ఇంకెవరో చెప్తే విన్న నాన్న ముఖం నేను చూడలేను." తాళంచెవి మళ్ళీ జేబులో వేసుకుంటూ అంది. "మీరు ఇంటిదాకా తీసుకెళ్ళలేదు, అదే చాలు."

టీచరమ్మకు నిన్న చేసిన ఫోన్ గుర్తొచ్చింది.

పొద్దుటి నుంచి ఆ ఫోన్ సంగతి ఆవిడ మనసులో ఒక మంచి పనిలాగే ఉంది. పెద్దవాళ్ళతో మాట్లాడితే అన్నీ చక్కబడతాయన్నది ఆవిడకు ఊపిరి పీల్చినంత సహజమైన నమ్మకం. ఇప్పుడు గోడ గడియారం వైపు చూసింది. భోజనాల గంటకు ఇంకెంతో సేపు లేదు.

"తల్లీ, నేను నిన్న సాయంత్రం మీ నాన్నగారికి ఫోన్ చేశాను."

చుక్క ముఖంలో నెత్తురు లేదు. "ఏం చెప్పారు?"

"ఏమీ చెప్పలేదు. అమ్మాయి విషయం మాట్లాడాలి, ఒకసారి రండి, కంగారేం లేదు అన్నానంతే."

"కంగారు లేదంటే నాన్న రాత్రంతా కంగారు పడతాడు టీచర్! అందుకేనా రాత్రి మా లాండ్రీ షాపులో చొక్కా కాల్చాడు! నాన్న చేతిలో ఇస్త్రీ పెట్టె కింద ఇంతవరకు ఒక్క బట్ట కాలలేదు, తెలుసా?" లేచి నిలబడింది. "ఒక్కసారి నన్ను అడగొచ్చు కదా!"

"అడగొచ్చు. అడగలేదు."

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమని ఆవిడ పిల్లలకు ఏటా పరీక్షల ముందు చెబుతుంది. ఇప్పుడు కాలింది తన చేతులు కూడా కాదు, ఆ పిల్లవి. ఆ గది వీధి వైపు కిటికీలోంచి గేటు కనిపిస్తుంది. అటు చూడడానికి కూడా ధైర్యం చాల్లేదు.

"ఇప్పుడడుగుతున్నాను" అంది టీచరమ్మ. "మీ నాన్నగారు వస్తే ఏం చెప్పమంటావు? నిజం చెప్పమంటే చెప్తాను. అబద్ధం చెప్పమంటే అదీ చెప్తాను. బీకరు పగలగొట్టావని, నోరు జారావని, ఏదో ఒకటి. నాకు అబద్ధాలు చెప్పడం రాదు గానీ నీకోసం నేర్చుకుంటాను. ఏమీ చెప్పకుండా బెల్లం కొట్టిన రాయిలా కూర్చోమన్నా కూర్చుంటాను. నువ్వేదంటే అది."

చుక్క ఆవిడ ముఖంలోకి చూసింది. రోజూ ప్రశ్నలడిగే మనిషి, జవాబు తెలియక ఎదురుచూస్తూ ఉండటం ఆ పిల్ల మొదటిసారి చూసింది. "ఆలోచించుకోనివ్వండి టీచర్" అంది.

గంట మోగింది. బడంతా ఒక్కసారిగా భోజనం డబ్బాల చప్పుడుతో నిండిపోయింది. ఆ చప్పుడులో మెట్ల మీద చెప్పుల అలికిడి ఎవరికీ వినపడలేదు.

"నమస్కారం టీచరుగారూ."

గుమ్మంలో చుక్క తండ్రి. బక్కపలచటి మనిషి. బట్టలు మాత్రం మడత నలగకుండా ఉన్నాయి. లాండ్రీ షాపు నడిపేవాడి ఒంటి మీద ముడత కనిపిస్తే వ్యాపారమెలా సాగుతుంది? కళ్ళ కింద నిద్రలేమి మాత్రం ఇస్త్రీకి లొంగలేదు. చంకలో కాగితం చుట్టిన పొట్లం ఉంది. కూతురి ఉబ్బిన కళ్ళు చూశాడు, టీచరమ్మ ముఖం చూశాడు, పొట్లాన్ని బల్ల మీద పెట్టి విప్పాడు.

ఏప్రన్. మల్లెపువ్వులా ఉంది. మరక ఆనవాలు కూడా లేదు.

"రాత్రి మీరు ఫోన్ చేశాక కన్నంటుకోలేదు" అన్నాడు. "పొద్దున షాపు తలుపు తీసేసరికి ఓ పొడుగాటి కుర్రాడు దీన్ని పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇంట్లో వేణ్ణీళ్ళలో సబ్బేసి నానబెట్టాడట. ఊదా మరకని గోధుమరంగు చేసి పెట్టాడు, పిచ్చి సన్నాసి. సరే చూద్దామని కాలరు తిప్పాను. మా షాపులో బట్టలు కలిసిపోకుండా ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు కుడతాం టీచరుగారూ. మా ఇంటి బట్టలకి ఎర్రదారంతో రెండు ముళ్ళు. నేను వేసిన ముడి నాకు తెలీదా?"

చుక్క పొట్లం వైపు ఒక అడుగు వేసింది.

"షాపు ఎవరిదో తెలీక వచ్చాడనుకున్నాను. దీని పేరు చెప్పి, 'మీ అమ్మాయిదే అంకుల్, తెలిసే వచ్చాను' అన్నాడు. మరక పోయేదాకా కదల్లేదు. నీళ్ళు మోశాడు. బొగ్గులు రాజేశాడు. నేనేమీ అడగలేదు, వాడేమీ చెప్పలేదు. ఇక్కడికి కూడా నాతోనే వచ్చాడు. గేటు దగ్గర ఆగిపోయాడు. పైకి రారా అంటే, 'ముందు తనని అడగండి అంకుల్, రమ్మంటేనే వస్తాను' అన్నాడు."

ఆయన కూతురి వైపు తిరిగాడు. ఆ ముఖంలో ఉన్నది కోపమో, అలసటో, ఇంకేమిటో టీచరమ్మకు అంతుపట్టలేదు.

"నాకేం అర్థం కాలేదమ్మా. అర్థమయ్యేలా నువ్వు చెప్తావు, చెప్పాలనిపించినప్పుడు. ఇప్పటికి వాడు అడగమన్నాడు కాబట్టి అడుగుతున్నాను. రమ్మననా, వద్దా?"

టీచరమ్మ నాలిక చివర ఇరవై మాటలు వచ్చి నిలబడ్డాయి. రమ్మను తల్లీ అని కొన్ని, వద్దులే తల్లీ అని కొన్ని. ఆవిడ చేతులు రెండూ ఎవరివో ఒకరివి పట్టుకుని కలిపేయాలని తహతహలాడాయి. వాటిని వెనక్కి పెట్టుకుని, ఒకదాన్నొకటి పారిపోకుండా గట్టిగా పట్టుకుంది.

చుక్క ఏప్రన్ అందుకుంది. కాలరు తిప్పి ఎర్రదారం ముళ్ళు వేలితో తడిమింది. నెమ్మదిగా తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుంది. "నాన్నా, ముందు నువ్వు కూర్చో" అని స్టూలు ఆయన వైపు జరిపింది. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్ళి తలుపు తోసింది.

కింద గేటు పక్కన నిచ్చెన నిలబడి ఉన్నాడు. కిటికీ చప్పుడుకు తలెత్తాడు.

చుక్క చెయ్యెత్తింది.

ల్యాబులో ఆ చెయ్యి లేస్తే ఆపమని అర్థం. ఈ కిటికీలోంచి దానికి ఏమర్థమో టీచరమ్మకు తెలియదు, స్టూలు అంచున కూర్చున్న తండ్రికీ తెలియదు. తెలిసినవాడు ఒక్కడే, కింద ఉన్నాడు. అతను ఒక్క క్షణం ఆ చేతి వైపే చూసి, మెట్ల వైపు అడుగు కదిపాడు.